రాగం పేరును పరిశోధించి నిర్ధారించుకునే పద్ధతి

ఒక కృతి పక్కన "పంతువరాళి" అని రాసి ఉంటే నేటి సంగీత విద్యార్థి దానిని 51వ మేళకర్త (72 మూల రాగాలలో ఒకటి, దీనినే మేళం అంటారు) అయిన కామవర్ధనిగా అర్థం చేసుకుంటాడు. 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల "సంగీత సంప్రదాయ ప్రదర్శిని"ని తెరిస్తే పంతువరాళి అనే మాట 45వ మేళం దగ్గర, శివపంతువరాళి అనే పేరులో కనిపిస్తుంది. అక్కడ 51వ మేళం పేరు కాశీరామక్రియ. ఈ రెండు మేళాలకూ తేడా ఒక్క గాంధారంలోనే ఉంది. 51లో అంతర గాంధారం పలుకుతుంది, 45లో సాధారణ గాంధారం పలుకుతుంది. పాత పుస్తకంలోని పేరును నేటి అర్థంతో చదివి పాడితే, ఆ ఒక్క స్వరం మారి పాట నడకే వేరైపోతుంది.

రాగం పేరును సరిచూడటమంటే ఆ పేరును ఎవరు, ఏ కాలంలో, ఏ స్వరాలకు, ఏ సంచారాలకు పెట్టారో తేల్చుకోవడమని నా అభిప్రాయం. పరంపరను, కాలాన్ని విడిచి "దీని అసలు పేరేమిటి" అని అడిగితే చాలా రాగాల విషయంలో ఒక్క జవాబు దొరకదు. కర్ణాటక సంగీతంలో ఈ పని చేయదలచిన విద్యార్థులకు, పాటల సంకలనకర్తలకు, తెలుగులో సంగీత వ్యాసాలు రాసేవారికి ఉపకరించేలా ఆ పద్ధతిని వరుసగా వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: పేరును ఉన్నది ఉన్నట్టుగా రాసుకోవడం

పేరు ఎక్కడ కనిపించిందో, అక్కడ ఏ అక్షరాలతో ఉందో ముందుగా రాసుకోవాలి. ఈ దశలో దిద్దుబాటు చేయకూడదు. పుస్తకంలో "ధన్నాసి" అని ఉంటే ధన్నాసి అనే రాయాలి గాని, మనకు అలవాటైన "ధన్యాసి"గా మార్చరాదు. పుస్తకమైతే ముద్రణ సంవత్సరం, సంపాదకుడి పేరు, పుట సంఖ్య ఉండాలి. ధ్వనిముద్రణ అయితే గాయకుడి పేరు, ఆ రాగం పేరు అట్ట మీద ఉందా, గాయకుడే ప్రకటించాడా, ఎక్కించిన వ్యక్తి రాశాడా అనేది కూడా నమోదు కావాలి. ఈ మూడింటికీ ఒకే విలువ ఉండదు.

అది ఇంగ్లీషు అక్షరాల నుంచి తెలుగులోకి వచ్చిన పేరా అన్నది కూడా చూసుకోవాలి. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒకే అక్షరం ఉన్నందువల్ల, అక్కడి నుంచి ఇంగ్లీషులోకీ, ఇంగ్లీషు నుంచి తెలుగులోకీ మారేటప్పుడు ఒత్తులు రాలిపోతాయి. "ఖరహరప్రియ"కు బదులు "కరహరప్రియ" అని కనిపించడం ఇందుకు ఉదాహరణ. ఇది చూడటానికి చిన్న విషయమే అయినా, మూడో మెట్టులో దీని పర్యవసానం తెలుస్తుంది.

రెండో మెట్టు: ఆధార షడ్జమాన్ని స్థిరపరచి స్వరాలను గుర్తించడం

పాట విని పేరు పెట్టేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. తంబూరా శ్రుతిని పట్టుకోకుండా స్వరాలను మాత్రమే కీబోర్డు మీద వెదికితే ఒకే మెట్ల సమూహానికి అయిదు పేర్లు రావచ్చు. మోహనంలోని స, రి, గ, ప, ద లను తీసుకుందాం. అవే మెట్లను ఉంచి రిషభాన్ని షడ్జమంగా భావిస్తే మధ్యమావతి వస్తుంది. గాంధారాన్ని షడ్జమంగా భావిస్తే హిందోళం, పంచమాన్ని భావిస్తే శుద్ధసావేరి, ధైవతాన్ని భావిస్తే శుద్ధధన్యాసి వస్తాయి. దీనినే గ్రహభేదం అంటారు. అందువల్ల తంబూరా గాని శ్రుతిపెట్టె గాని స్పష్టంగా వినిపించే ధ్వనిముద్రణను ఎంచుకోవాలి. వాద్యబృందం వెనుక శ్రుతి మరుగున పడిన సినిమా పాట అయితే పల్లవి ఏ స్వరం మీద విశ్రమిస్తున్నదో రెండు మూడు సార్లు విని నిశ్చయించుకోవాలి.

స్వరాల పేర్లలో మరొక చిక్కు ఉంది. మన సంగీతంలో స్థానాలు పన్నెండే అయినా పేర్లు పదహారు. చతుశ్రుతి రిషభం, శుద్ధ గాంధారం ఒకే స్థానం. షట్శ్రుతి రిషభం, సాధారణ గాంధారం ఒకే స్థానం. ధైవత నిషాదాలలోనూ ఇలాగే ఉంటుంది. కాబట్టి మెట్టును గుర్తించిన తరువాత, ఆ మెట్టు రిషభమా గాంధారమా అన్నది రాగంలోని తక్కిన స్వరాలను బట్టి నిర్ణయించాలి. పాత గ్రంథాలలో, ముత్తుస్వామి దీక్షితుల పరంపరలో, నేటి చతుశ్రుతి రిషభాన్ని పంచశ్రుతి రిషభం అన్నారని గుర్తుంటే ఆ పుస్తకాలు చదివేటప్పుడు గందరగోళం ఉండదు.

మూడో మెట్టు: మేళకర్త అయితే కటపయాదితో సరిచూడటం

72 మేళకర్తల పేర్లకు మన పూర్వులు కటపయాది అనే తాళంచెవి అమర్చి పెట్టారు. "కాది నవ, టాది నవ, పాది పంచ, యాద్యష్ట" అనే సూత్రం ప్రకారం క నుంచి ఝ వరకు 1 నుంచి 9, ట నుంచి ధ వరకు మళ్ళీ 1 నుంచి 9, ప నుంచి మ వరకు 1 నుంచి 5, య నుంచి హ వరకు 1 నుంచి 8 అంకెలు వస్తాయి. ఞ, న లకు సున్న. పేరులోని మొదటి రెండు అక్షరాల అంకెలను రాసి తిరగవేస్తే మేళ సంఖ్య వస్తుంది. మాయామాళవగౌళలో మ 5, య 1, తిరగవేస్తే 15. హరికాంభోజిలో హ 8, ర 2, తిరగవేస్తే 28.

సంఖ్య తెలిస్తే స్వరాలు వాటంతట అవే తేలుతాయి. 36 వరకు శుద్ధ మధ్యమం, ఆ పైన ప్రతి మధ్యమం. మేచకల్యాణికి మ 5, చ 6 కనుక 65. అందులోంచి 36 తీసివేస్తే 29. ఆరేసి మేళాల చొప్పున చక్రాలు కట్టితే 29 అయిదో చక్రంలో అయిదోది. అయిదో చక్రానికి చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం. చక్రంలో అయిదో స్థానానికి చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం. కల్యాణి స్వరాలు అవే. పుస్తకంలో ఇచ్చిన స్వరాలు ఈ లెక్కతో కలవకపోతే పేరులోనో, సంఖ్యలోనో, స్వరాలలోనో తప్పు ఉన్నట్టే.

అక్షరదోషాలను పట్టుకోవడానికి దీనికి మించిన సాధనం లేదు. ఖరహరప్రియను "కరహరప్రియ" అని రాస్తే 22కు బదులు 21 వస్తుంది; అది కీరవాణి సంఖ్య. నఠభైరవిని "నటభైరవి" అని రాస్తే 20కి బదులు 10 వస్తుంది, అది నాటకప్రియ. ఝాలవరాళిలోని ఝ జారిపోయి జ మిగిలితే 39 కాస్తా 38 అయి జలార్ణవం మీదికి పోతుంది. రఘుప్రియను "రగుప్రియ" అంటే 42 కాక 32 వస్తుంది. తెలుగులో ఒత్తులు రాసే సౌలభ్యం మనకు ఉంది కనుక ఈ పేర్లను తప్పుగా అచ్చువేయడానికి ఏ సాకూ లేదు.

అయితే సంయుక్తాక్షరాల దగ్గర జాగ్రత్త అవసరం. ఒకే నియమం అన్నిటికీ చెల్లదు. రత్నాంగిలో "త్న"కు చివరి న లెక్కకు వస్తుంది కనుక 2 అయింది. ధర్మవతిలో "ర్మ"కు మ, సూర్యకాంతంలో "ర్య"కు య, షడ్విధమార్గిణిలో "డ్వి"కి వ తీసుకుంటేనే 59, 17, 46 వస్తాయి. చక్రవాకంలో మాత్రం "క్ర"కు మొదటి క తీసుకోవాలి. లేకపోతే 16 రాదు. దివ్యమణి, విశ్వంభరి, చిత్రాంబరి పేర్లలోనూ మొదటి హల్లే లెక్క. సింహేంద్రమధ్యమంలో సున్నను మకారంగా పలికి 5 తీసుకుంటే 57 కుదురుతుంది. కాంతామణిలో మాత్రం సున్నను వదిలి త తీసుకుంటేనే 61 వస్తుంది. కాబట్టి సంయుక్తాక్షరం ఉన్న పేరుకు రెండు విధాలా లెక్కవేసి, మేళపట్టికతో పోల్చిన తరువాతనే తప్పు ఉందని చెప్పాలి.

మేళాల నుంచి పుట్టిన జన్యరాగాలకు ఈ సూత్రం వర్తించదు. కానడకు లెక్కవేస్తే 1 వస్తుంది, కానీ అది 22వ మేళ జన్యం. బిలహరికి 33 వస్తుంది, కానీ అది 29వ మేళ జన్యం. శంకరాభరణం, కల్యాణి, తోడి, కాంభోజి వంటి పాత పేర్లకు ధీర, మేచ, హనుమ, హరి అనే ముందుమాటలు చేర్చినది ఈ లెక్క కుదరడానికే. అందువల్ల కృతి మీద "శంకరాభరణం" అని మాత్రమే ఉంటే దానిని దోషంగా భావించి "ధీర" చేర్చడం సంపాదకుడు చేయవలసిన పని కాదు.

నాలుగో మెట్టు: ఏ పేర్ల పట్టికో తేల్చుకోవడం

72 మేళాలకు రెండు నామావళులు ఉన్నాయి. కనకాంగి, రత్నాంగితో మొదలయ్యే పట్టిక గోవిందాచార్యుల "సంగ్రహచూడామణి" మార్గానిది. ఇందులో ప్రతి మేళమూ ఆరోహణలోనూ అవరోహణలోనూ ఏడు స్వరాలతో క్రమంగా ఉంటుంది. కనకాంబరి, ఫేనద్యుతితో మొదలయ్యే పట్టికను వేంకటమఖి పరంపరకు చెందిన ముద్దు వేంకటమఖికి ఆపాదిస్తారు. ముత్తుస్వామి దీక్షితులు దీనినే అనుసరించారు. 17వ శతాబ్దపు "చతుర్దండిప్రకాశిక"లో వేంకటమఖి 72 మేళాలకు లెక్క కట్టినా, తన కాలంలో ప్రచారంలో ఉన్నవిగా లక్షణం చెప్పినవి 19 మేళాలే. కనుక "వేంకటమఖి కనకాంగి అని పేరు పెట్టాడు" అని ఎక్కడైనా కనిపిస్తే ఆ రచనలోని తక్కిన చారిత్రక వాక్యాలను కూడా ఒకసారి సరిచూడటం మంచిది.

రెండు పట్టికలలో మేళ సంఖ్య కలుస్తుంది గాని పేరు అన్నిచోట్లా కలవదు. 22వది ఒకచోట ఖరహరప్రియ, మరొకచోట శ్రీరాగం. 28వది హరికాంభోజి, హరికేదారగౌళ. 20వది నఠభైరవి, నారీరీతిగౌళ. 56వది షణ్ముఖప్రియ, చామరం. 57వది సింహేంద్రమధ్యమం, సుమద్యుతి. 72వది రసికప్రియ, రసమంజరి. 15 మాయామాళవగౌళ, 29 ధీరశంకరాభరణం, 36 చలనాట మాత్రం రెండింటిలోనూ అవే. పేర్లు మారడంతో విషయం ముగియదు. రెండో పట్టికలోని రాగాంగ రాగాలు (మేళానికి పేరు ఇచ్చిన రాగాలు) చాలావరకు ఆరోహణలోగాని అవరోహణలోగాని స్వరాలు విడిచి, లేదా వరుస తప్పి వక్రంగా నడుస్తాయి. సుమద్యుతి అని ఉన్నచోట సింహేంద్రమధ్యమం అని మార్చి రాస్తే, దీక్షితుల కృతికి ఆయన ఉద్దేశించని సంపూర్ణ క్రమాన్ని అంటగట్టినట్టవుతుంది. పేరును మార్చకుండా పక్కన మేళ సంఖ్య ఇవ్వడం సరైన మార్గం.

అయిదో మెట్టు: ఆరోహణ అవరోహణలు దాటి ప్రయోగాలను చూడటం

అంతర్జాలంలోని రాగపట్టికలు చాలావరకు ఆరోహణ, అవరోహణ ఇచ్చి ఆగిపోతాయి. ఆరభి, దేవగాంధారి రెండింటికీ ఆరోహణ స రి మ ప ద స, అవరోహణ స ని ద ప మ గ రి స. కాగితం మీద అవి ఒక్కటే. పాడితే పూర్తిగా వేరు. ఆరభిలో గాంధారం, నిషాదం క్షణకాలం తాకి దాటిపోతాయి, నడక చురుకు. దేవగాంధారి విలంబంగా, దీర్ఘ స్వరాలతో, స్వరాన్ని ఊపి పలికే కంపిత గమకంతో సాగుతుంది. త్యాగరాజ పంచరత్నాలలోని "సాధించెనే"ను, ఆయనదే అయిన "క్షీరసాగర శయన"ను వెంటవెంటనే వింటే పట్టిక చెప్పలేని తేడా చెవికి తెలుస్తుంది. కాబట్టి పేరును నిర్ధారించేటప్పుడు ఆ పేరుతో స్థిరపడిన ఒక వర్ణాన్నో, గీతాన్నో, ప్రామాణిక కృతినో ఎదురుగా పెట్టుకుని, మీ దగ్గరున్న పాటలోని ముఖ్య ప్రయోగాలను ఒక్కొక్కటిగా పోల్చాలి. స్వరాలు కలిసి ప్రయోగాలు కలవకపోతే "ఈ స్వరక్రమం గల రాగం" అని రాయడం వరకే మీకు అధికారం ఉంటుంది.

ఆరో మెట్టు: హిందుస్తానీ పేర్లతో పొత్తు పెట్టేటప్పుడు

భాత్‌ఖండే హిందుస్తానీ రాగాలను వర్గీకరించడానికి వాడిన పది మూల స్వరక్రమాలైన థాట్‌లకు సరిపోలే మేళాలు మనకు ఉన్నాయి గాని, పేర్లు మాత్రం మోసం చేస్తాయి. హిందుస్తానీ భైరవి థాట్ మన హనుమతోడి స్వరాలకు సరిపోతుంది. మన భైరవి 20వ మేళ జన్యం. హిందుస్తానీ తోడి థాట్ స్వరాలు మన 45వ మేళమైన శుభపంతువరాళివి. మన శ్రీరాగం 22వ మేళానిది కాగా, హిందుస్తానీ శ్రీ పూర్వీ థాట్‌కు చెందినది. వాటికి పేరులో తప్ప పోలిక లేదు. హిందుస్తానీ భూపాలి మన మోహనం స్వరాలతో ఉంటుంది. శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ ధైవతం పలికే మన భూపాళం దానికి చాలా దూరం. ఆ భూపాలి స్వరాలతోనే హిందుస్తానీలో దేశ్‌కార్ అనే మరో రాగం ఉందన్నది గమనిస్తే, "ఇది దానికి సమానం" అనే వాక్యాన్ని ఎంత పొదుపుగా వాడాలో తెలుస్తుంది. "స్వరాలలో సమానం" అని రాస్తే చాలు.

ఒక రాగాన్ని చివరిదాకా చూద్దాం: ఆభేరి

పై మెట్లన్నీ ఒకేచోట పనిచేసే ఉదాహరణ ఆభేరి. నేడు "నగుమోము గనలేని" కృతిని ఎక్కువమంది ఈ రాగంలో చతుశ్రుతి ధైవతంతో పాడతారు. ఆరోహణ స గ మ ప ని స, అవరోహణ సంపూర్ణం, అంతా 22వ మేళ స్వరాలు. హిందుస్తానీ భీమ్‌పలాసీకి ఇది స్వరాలలో దగ్గర. అయితే సుబ్బరామ దీక్షితుల ప్రదర్శినిలో ఆభేరి 20వ మేళమైన నారీరీతిగౌళ కింద శుద్ధ ధైవతంతో ఉంది. ముత్తుస్వామి దీక్షితుల "వీణాభేరీ" ఆ రూపానికి లక్ష్యం, అంటే ఉదాహరణగా నిలిచిన రచన. చతుశ్రుతి ధైవతం గల రూపాన్ని కర్ణాటక దేవగాంధారి అని పిలిచేవారూ ఉన్నారు. త్యాగరాజ కృతిని కూడా శుద్ధ ధైవతంతో పాడే సంప్రదాయం ఉంది.

ఇక్కడ పరిశోధకుడు మూడు పనులు చేయాలి. మొదటిది, తన చేతిలోని పాఠంలో ధైవతం ఏదో నిర్ధారించడం. అవరోహణలో "ని ద ప" అనే చోట ఆగి, తంబూరాతో కలిపి పదేపదే వింటే ఇది తేలుతుంది. రెండోది, ఆ పాఠం ఎవరి పరంపర నుంచి వచ్చిందో తెలుసుకోవడం. త్యాగరాజస్వామి కృతులు వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్యుల ద్వారా వేరువేరు పాఠాలుగా మనకు అందాయి. ఒకే కృతికి రాగం పేరు కూడా ఒక్కోసారి పరంపరను బట్టి మారుతుంది. మూడోది, ఆభేరి అనే పేరును తీసివేయకుండా దాని పక్కన ధైవతాన్ని స్పష్టం చేయడం. 20వ మేళ రూపమే శాస్త్రసమ్మతమని, నేటిది తప్పని తీర్పు చెప్పవలసిన అవసరం లేదు. తరాలుగా సభలలో నిలిచిన రూపానికి కూడా ఆ పేరు మీద హక్కు ఉందని నేను నమ్ముతాను.

తాళ్లపాక రేకుల మీది పేర్లు

తెలుగువారికి దక్కిన అపురూపమైన ఆధారం తిరుమలలోని తాళ్లపాక రాగిరేకులు. అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలకు రేకుల మీద రాగం పేరు చెక్కి ఉంది, స్వరలిపి లేదు. సామంతం, పాడి, గుజ్జరి, సాళంగనాట, కొండమలహరి వంటి పేర్లు ఆ కాలపు రాగప్రపంచాన్ని చూపిస్తాయి. ఈ రోజు మనం వినే వరుసలు చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలుకొని 20వ శతాబ్దపు విద్వాంసులు కూర్చినవి. వాటిలో రేకు మీది రాగాన్నే తీసుకున్నవీ ఉన్నాయి, వేరే రాగంలో కూర్చినవీ ఉన్నాయి. అందుచేత అన్నమయ్య కీర్తన గురించి రాసేటప్పుడు "రేకు మీది రాగం", "ప్రస్తుత వరుస రాగం, కూర్చినవారు" అని రెండు వేరు పంక్తులు ఉండాలి. రేకు మీద శంకరాభరణం అని ఉంటే అది నేటి 29వ మేళ రూపమేనని అనుకోవడం కూడా తొందరపాటే. ఆ పేరు 15వ శతాబ్దంలో ఏ స్వరాలకు చెల్లిందో అంచనా వేయడానికి ఆ కాలానికి దగ్గరగా, 1550లో రామామాత్యుడు రచించిన "స్వరమేళకళానిధి" వంటి లక్షణగ్రంథాన్ని చూడాలి.

ఆధారాల బరువు తూచడం

ఆధారాలను కాలక్రమంలో పేర్చుకుని చదవాలి. రామామాత్యుడి తరువాత చతుర్దండిప్రకాశిక, ఆ తరువాత తంజావూరు మరాఠా రాజులైన శహాజీ, తుళజాల లక్షణగ్రంథాలు, సంగ్రహచూడామణి, చివరగా ప్రదర్శిని వస్తాయి. 1928లో ఏర్పడిన మద్రాసు సంగీత అకాడమీ సదస్సులలో విద్వాంసులు కూర్చుని రాగలక్షణాలను చర్చించిన నివేదికలు ఆ సంస్థ పత్రికలో ఉన్నాయి. వివాదాస్పదమైన రాగానికి అవి తప్పక చూడవలసినవి. రాతప్రతుల కోసం తంజావూరు సరస్వతీమహల్ గ్రంథాలయం ఉంది. లక్షణగ్రంథం ఒకటి చెప్పి, అదే కాలపు రచనలు మరొకలా నడిస్తే రచనకే ఎక్కువ బరువు ఇవ్వాలి, ఎందుకంటే మన సంప్రదాయంలో లక్షణం లక్ష్యాన్ని అనుసరించి పుట్టింది.

పది వెబ్ పుటలలో ఒకే మాట ఉంటే పది ఆధారాలు అయినట్టు కాదు. ఒకే అక్షరదోషం, ఒకే స్వరం తప్పు వాటన్నిటిలో కనిపిస్తే అవి ఒకదాన్ని చూసి మరొకటి రాసినవే. ఇటీవలి రాగాలకు మాత్రం ఈ శోధన సులువు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ప్రచారంలోకి తెచ్చిన మహతి, లవంగి వంటి నాలుగు స్వరాల రాగాలకు ఆయన కృతులూ ఆయన గానమే మొదటి ఆధారం కనుక, తరువాతి పట్టికలను వదిలి నేరుగా అక్కడికే వెళ్లాలి.

ఫలితాన్ని రాసే తీరు

చివరికి తేలిన దానిని ఒక్క పేరుగా కాక ఒక చిన్న నమోదుగా రాయండి. ఉదాహరణకు: "ఆభేరి, 22వ మేళ స్వరాలతో, చతుశ్రుతి ధైవతం, నేటి కచేరీ పాఠం, ప్రదర్శినిలో ఇదే పేరు 20వ మేళం కింద శుద్ధ ధైవతంతో ఉంది, కర్ణాటక దేవగాంధారి అనే పేరూ వాడుకలో ఉంది." దీనికి మీరు విన్న ముద్రణ వివరాలు, చూసిన పుట సంఖ్య, చూసిన తేదీ జతచేయండి. నిర్ధారణకు రాని పేరు ఉంటే మూలంలోని అక్షరాలనే ఉంచి, మీరు పోల్చిన స్వరాలను కింద ఇవ్వండి. తరువాత కొత్త రాతప్రతి గాని పాత ముద్రణ గాని దొరికినప్పుడు ముందటి నమోదును చెరిపివేయకుండా దాని కిందనే కొత్త తేదీతో చేర్చండి. అప్పుడు మీ తరువాత చూసేవారికి పేరుతో పాటు ఆ పేరు నిలిచిన దారి కూడా కనిపిస్తుంది.